విశ్రాంతమ్మ ఫ్రిజ్జు మీద కొండ

సారపాకలో కాగితపు మిల్లు గోడ వెంట పోయే వీధిలో విశ్రాంతమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఆమె ఫ్రిజ్జు గురించి అడిగితే పీట వేసి, కూర్చోబెట్టి మరీ చెబుతారు. నడుమెత్తు కూడా లేని చిన్న ఫ్రిజ్జు అది. దానికున్న మర్యాద ఆ ఇంట్లో ఆమె భర్త అంతోనయ్యకు లేదని వీధిలో అందరూ అంటారు. అంతోనయ్య కూడా అంటాడు.

ఆ మర్యాదంతా మనవరాలు అక్సా వల్ల వచ్చింది. కొడుకు జస్టిన్, కోడలు మణుగూరు బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. షిఫ్టుల బతుకు, కిరాయి గది. అందుకని పిల్ల చిన్నప్పటి నుంచి నాయనమ్మ దగ్గరే పెరిగింది. ఒకనాడు బడిలో కళ్లు తిరిగి పడిపోతే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. షుగరని తేలింది. రోజూ ఇన్సులిన్ సూది పడాల్సిందేనని, ఇంట్లో నిల్వ ఉంచే మందు చల్లగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. మొదట్లో విశ్రాంతమ్మ మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో మందు డబ్బా పెట్టి, పూటపూటకూ నీళ్లు చిలకరించింది. ఆ ఎండాకాలమంతా కుండను చంటిపిల్లలా కనిపెట్టుకుని ఉంది. ఆ తర్వాతే ఫ్రిజ్జు వచ్చింది.

ఫ్రిజ్జుతో పాటు ఆమెకు కొత్త చదువూ వచ్చింది. మెకానిక్ రవీందర్ వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చుని, ప్రశ్న మీద ప్రశ్న వేసి, అతని పని సగం లాగేసుకుంది. గడ్డపెట్టే అరలో మంచు పేరుకుంటే ప్లగ్గు తీసి, తలుపు బార్లా తెరిచి, అది దానంతట అదే కరిగేదాకా ఓపిక పట్టేది. అంతోనయ్య ఒకసారి తొందరపడి కత్తితో గీకబోతే, దాంతో నీ వీపు గీకుకొమ్మని కత్తి లాక్కుంది. తలుపు అంచునుండే రబ్బరును సబ్బునీళ్ల గుడ్డతో తుడిచేది. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి, లాగి చూసేది. కాగితం జారి వస్తే రబ్బరు పట్టు వదిలిందని లెక్క. పొగలు కక్కే గిన్నెకు ఆ ఫ్రిజ్జులో ప్రవేశం లేదు, చేపల కూరకు అసలే లేదు. పక్కింటి చాంది మల్లెపూలు దాచుకోవడానికి మాత్రం అనుమతి ఉంది, అదీ చెప్పి పెడితేనే.

గర్వముండేదా అంటే ఉండేది. ఎందుకుండదు? పరీక్షలో పిల్ల షుగరు అంకె బాగా వచ్చిన ప్రతిసారీ అందులో ఫ్రిజ్జుకు వాటా ఉందని, ఫ్రిజ్జులో తనకు వాటా ఉందని ఆమె అనుకునేది. అనుకోవడంలో తప్పూ లేదు.

ఆమెకు ఇంకో గర్వం కూడా ఉంది, చిక్కంతా దానివల్లే వచ్చింది. డిసెంబరులో క్యాథలిక్కుల ఇళ్లలో బాలయేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో కడతారు. పండుగకు ముందు ఫాదర్, చర్చి యువకులు ఇంటింటికీ తిరిగి, బాగున్న పాకకు బహుమతి ఇస్తారు. విశ్రాంతమ్మ ఇంట్లో బల్ల వేసే చోటు లేదు కాబట్టి ఆమె పాక ఏటా ఫ్రిజ్జు నెత్తినే వెలిసేది. పోయిన ఏడు బహుమతి చర్చి వెనక వీధికి పోయింది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు, ఇంట్లో ఎవరినీ మరవనివ్వలేదు.

ఈసారి పాక వెనక కొండ ఉండాలంది. అంతోనయ్య మిల్లు వెదురు యార్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాడు, వెదురు అతని చేతిలో చెప్పినట్టు వింటుంది. వెదురు బద్దలు చీల్చి, మందపాటి అట్టలు కట్టి, బంకమట్టి రంగు పూసి మొగుడూ పెళ్లాం కొండ లేపారు. అది ఫ్రిజ్జు వెనక నుంచి, రెండు పక్కల నుంచి నేలదాకా దిగింది. ముందు తలుపొక్కటే గుహ వాకిలిలా మిగిలింది. వీధి వీధంతా వచ్చి నోరెళ్లబెట్టింది.

కొన్నాళ్లకు ఫ్రిజ్జు ఆగకుండా మూలుగుతోందని అక్సా కనిపెట్టింది. లోపల నీళ్ల సీసా పట్టుకుంటే చల్లదనమే లేదు. మందు పక్కన పెట్టిన చిన్న థర్మామీటరులో అంకె పైకి పాకింది. బయట చలికి ఊరంతా దుప్పట్లు కప్పుకుంటుంటే ఫ్రిజ్జుకు జ్వరం వచ్చినట్టుంది. విశ్రాంతమ్మ ముందు చేయాల్సిన పని ముందు చేసింది. అటక మీది పాత కుండ దింపి, తడి ఇసుక పోసి, మందు అందులోకి మార్చింది. తర్వాత ప్లగ్గు చూసింది, స్టెబిలైజరు చూసింది, చలి పెంచే మర తిప్పింది, మంచు కరిగించింది, రబ్బరుకు కాగితం పరీక్ష పెట్టింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

సంగతి ఫోనులో జస్టిన్‌కు తెలిసింది. పండుగకు వస్తున్నామని, పోయేటప్పుడు పిల్లను వెంట తీసుకుపోతామని అన్నాడు. మణుగూరులో తన అత్తగారింట్లో పెద్ద ఫ్రిజ్జు ఉందట. "నీకు పెద్దతనం వచ్చిందమ్మా, ఇంకెన్నాళ్లు జూస్తవ్," అన్నాడు మెల్లగా. ఆ మెత్తదనమే ఆమెను ఎక్కువ కోసింది. 

వాళ్లు వచ్చే రోజు, ఫాదర్ పాకలు చూడవచ్చే రోజు ఒక్కటే అయింది. ఆ పొద్దున రవీందర్‌కు ఫోను చేస్తే అతను కల్లూరులో చుట్టాలింట్లో ఉన్నాడు. గ్యాస్ పోయిందేమోనని ఆమె భయం.

"గ్యాస్ ముచ్చట తర్వాత పెద్దమ్మా. ముందుగాల వెనక నల్ల జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడు. గాలి ఆడుతుందా?"

చెయ్యి వెనక్కి పెట్టబోయింది. పోలేదు. అట్టకు తగిలింది, ఆ అట్ట అప్పుడే దింపిన పెనంలా వెచ్చగా ఉంది.

ఫ్రిజ్జు లోపలి వేడి ఆ జాలీలోంచే బయటికి పోవాలి. గోడకు జానెడు ఎడం లేకపోతే ఫ్రిజ్జు ఉక్కిరిబిక్కిరవుతుందని వీధికంతా పాఠం చెప్పింది విశ్రాంతమ్మే. చాంది ఇంటికి పోయి, గోడకు ఆనించిన ఫ్రిజ్జును దగ్గరుండి జరిపించిందీ ఆమే. అలాంటి మనిషి తన ఫ్రిజ్జుకు తన చేత్తోనే ఊపిరాడకుండా చేసింది. సమజైందని చెప్పి ఫోను పెట్టేసింది గానీ, సిగ్గుతో చాలాసేపు తలెత్తలేదు.

అంతోనయ్య న్యాయంగానే మాట్లాడాడు. మందు కుండలో భద్రంగా ఉంది, ఫాదర్ చూసి పోయాక కొండ తీద్దాం, ఒక్క పూటకు కొంపేమీ మునగదు అన్నాడు. ఆమె కూడా దాదాపు సరేనంది. అంతలో అక్సా కుండ ముందు గొంతుక్కూర్చుని, ఇసుక మీద నీళ్లు చిలకరించడం కంటబడింది. ఒకప్పుడు తను చేసినట్టే, అంతే పొదుపుగా, అంతే శ్రద్ధగా చిలకరిస్తోంది. 

"కత్తి తేవయ్యా," అంది విశ్రాంతమ్మ.

"నా వీపుకేనా?" అంటూనే తెచ్చాడు. కట్టిన చేత్తోనే తాళ్లు కోశాడు. కొండ కూలింది. ప్లగ్గు తీసి, ఫ్రిజ్జును ముందుకు జరిపి, జాలీ దుమ్ము దులిపి, వేడి చల్లారేదాకా ఆగి ప్లగ్గు పెట్టారు. అక్సా వడ్ల గంపను బోర్లించి దాని మీద బొమ్మలు సర్దింది. పాక ఇంత చిన్నగా ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

సాయంత్రం ఫాదర్, ఆయన వెనక కుర్రాళ్లు గుమ్మంలోకి వచ్చారు. కొండ గురించి అప్పటికే ఊరంతా విని ఉంది. ఏదమ్మా కొండ అని ఫాదర్ అడిగారు. సరిగ్గా అప్పుడే బస్సు దిగిన జస్టిన్, సంచీతో వాళ్ల వెనక నిలబడ్డాడు, పక్కన భార్య. విశ్రాంతమ్మ కొడుకును చూసింది. చూసీ, దాచకుండా చెప్పింది.

"నేనే కట్టిన, నేనే కూలగొట్టిన ఫాదర్. ఆ కొండ ఫ్రిజ్జుకు గాలి రాకుండ చేసింది. దాన్ల మా పిల్ల మందుంటది. ఫ్రిజ్జు ఖరాబు కాలే, తప్పు నాది. ఇప్పుడు దిద్దుకున్న."

ఎవరూ నవ్వలేదు. ఫాదర్ వంగి గంప మీది పాకను చాలాసేపు చూసి, ప్రార్థన చేసి వెళ్లారు.

అమ్మ నోట తప్పు నాదన్న మాట జస్టిన్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చెప్పులు విడిచి నేరుగా పోయి, గోడకూ ఫ్రిజ్జుకూ మధ్య చెయ్యి పెట్టాడు. చెయ్యి సులువుగా ఆడింది. తలుపు తీసి థర్మామీటరు చూశాడు.

"చల్లబడ్డది," అన్నాడు.

అక్సా కుండలోంచి మందు తీసి, డబ్బాకంటిన తడిని, నాయనమ్మ పైటకొంగుతో తుడిచినట్టే, తన చున్నీతో తుడిచి, ఫ్రిజ్జులో దాని చోట్లో పెట్టింది. ఓ కాగితం ముక్క పెట్టి తలుపు మూసి, లాగి చూసింది. రాలేదు.

"నేను ఈడనే ఉంట నాన్నా," అంది. "పెద్ద ఫ్రిజ్జు ఆడుంది గానీ, నాయినమ్మ ఈడుంది."

బహుమతి ఈసారీ చర్చి వెనక వీధికే పోయింది. విశ్రాంతమ్మ ఆ పాక చూసొచ్చి, బాగుందని పదిమందిలో ఒప్పుకుంది. పండుగ తెల్లారి జస్టిన్, భార్య మణుగూరు బస్సెక్కారు. అక్సా బట్టల కోసం వాళ్లు తెచ్చిన సంచి ఖాళీగానే ఉంది. కొడుకును ఖాళీ సంచితో పంపితే తన పరువేం కావాలని, విశ్రాంతమ్మ దాన్నిండా అరిసెలు పెట్టి పంపింది.