మాట వచ్చేదాకా ఆగడం

ఎనభైల్లో, నేను విశ్వవిద్యాలయంలో మాట, వినికిడి శాస్త్రాల సర్టిఫికెట్ కోర్సులో చేరుతున్నానని తెలిసినప్పుడు మా మేనత్త పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏందే, నోట్లెకెళ్లి మాట రాని పోరివి, నువ్వు మందికి మాటలు నేర్పుతవా?"

"నేర్వనియ్యి అక్కా," అన్నాడు బాపు. "ఇంట్ల మాట్లాడేటందుకు నువ్వున్నవు గద."

 ఆ రాత్రి డైరీలో 'నేర్పుతా' అని ఒక్క మాట రాసుకున్నాను.

అత్తను అని లాభం లేదు. ఇంటికొచ్చిన వాళ్లు నన్ను ఏ క్లాసు అని అడిగితే, నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పేసేది. మా నారాయణఖేడ్‌లో అది ప్రేమ. ఎవరి మాట కాస్త ఆగినా, జారిపోతున్న బిందెను పట్టుకున్నట్టు పక్కవాళ్లు అందుకుంటారు.

హైదరాబాద్‌లో చదువు నాకు నచ్చింది. గొంతులో శబ్దం ఎలా పుడుతుందో, చెవి దాన్ని ఎలా పట్టుకుంటుందో చదువుతూ కూర్చుంటే మెస్సులో భోజనం వేళ దాటిపోయేది. నచ్చనిది ఒక్కటే, ఉద్యోగానికి తయారుచేసే క్లాసు. మేడం ఒక్కొక్కరినీ నిలబెట్టి ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసేవారు. నా వంతు రాగానే, "గట్టిగా! వెనక బెంచీకి వినపడాలి. నీకే గొంతు లేకపోతే ఇంకొకరికి ఏమిస్తావు?" అనేవారు. క్లాసంతా నవ్వేది.

మిగతా అమ్మాయిలు హాస్టల్ మేడ మీద గట్టిగా మాట్లాడడం సాధన చేసేవాళ్లు. నేనూ ఒకసారి ఎక్కాను. అరిచింది నేనే అయినా మా అత్త గొంతు విన్నట్టు అనిపించింది. దిగొచ్చేశాను. మళ్లీ ఎక్కలేదు.

మేడం సిఫారసు ఉంటేనే దవాఖానల్లో పని దొరికేది. మా ఊరి దవాఖానలో నా ప్రాక్టికల్ చూశాకే ఆ సంగతి చెబుతానన్నారు.

కట్టు కట్టే గది పక్కన చిన్న గది ఇచ్చారు. కంగ్టి నుంచి ఒక అవ్వ మనవరాలిని తీసుకొచ్చింది. అమ్మానాన్నలు కూలికి హైదరాబాద్ పోతే పాప ఆమె దగ్గరే పెరుగుతోంది. పాపకు నత్తి. మేడం మూల కుర్చీలో కూర్చున్నారు.

"మీ ఇంట్ల కొత్త సంగతేంది బిడ్డా?" అని పాపను అడిగాను.

"బ... బ..."

"బర్రె ఈనింది," అంది అవ్వ.

"అవ్వా, నేను పాపను అడిగిన."

"దానికి గొంతు వట్టుకుంటది బిడ్డా. పరేషాన్ అయితది. నేను చెప్త గద, రాస్కో."

నేను అవ్వ చేతి మీద చెయ్యి వేసి, పాప వైపే చూస్తూ కూర్చున్నాను. పాప పెదవులు కలుస్తున్నాయి, బిగుసుకుంటున్నాయి. మేడం పెన్నుతో కుర్చీ మీద కొట్టారు. "ఏదైనా అడుగు, ఊరికే కూర్చోకు," అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మాట కాదనడం అదే మొదలు. నా చేతి కింద అవ్వ చెయ్యి గింజుకుంటోంది.

"బ... బర్రె ఈనింది," అంది పాప. ఎవరూ అందుకోలేదు. పాప మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. ఇంకా చెప్పొచ్చని ధైర్యం వచ్చినట్టుంది. "దు... దుడ్డె నల్లగున్నది. జు... జున్నంత అవ్వనే తిన్నది!"

"ఓసి దొంగదాన! నీకు వెట్టలేదానే?"

"కొం... కొంచెమే!"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్లు వెళ్లాక మేడం నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. "పాప మాట్లాడింది, సంతోషం. నువ్వేం చేశావు? ఇదే నీ ఇంటర్వ్యూ అనుకో. ఇంత మెతకగా ఉండే పిల్లకు ఈ పని ఎందుకివ్వాలి?"

నేను జవాబు కూడదీసుకుంటున్నాను.

"చూశావా, మాట రాదు. ఇందుకే నేను..."

"వస్తది మేడం." నా గొంతు చిన్నదే, కానీ వణకలేదు. "మీరు ఆగలేదు. ఆ పాప కోసం నేను ఆగిన. నేను చేసిన పని అదే. ఊరికే కూసోలేదు."

మేడం పెన్నుకు మూత పెట్టారు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, "సరే, చెప్పు," అన్నారు. ఈసారి ఆగారు. నేను అక్కడక్కడా తడబడ్డాను, అయినా చివరిదాకా చెప్పాను. వెనక బెంచీ దాకా కాదు, ఆ కుర్చీ దాకా వినపడేట్టు.

సిఫారసు ఇచ్చారు. చివర 'గొంతు చిన్నది' అని కూడా రాశారు. ఆ మాట తీసేయమని నేను అడగలేదు.