వెదురు కొమ్ముల చారు

నా చిన్నప్పుడు మేము మలేసియాలో తెలుక్ ఇంటాన్ దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. వానలు పడ్డాక వాగు గట్టున వెదురు కొమ్ములు మొలిచేవి. మట్టిని చీల్చుకుని జానెడు లేచినవే కూరకు పనికొస్తాయి. మొన పచ్చబడితే చేదు. మా నానమ్మ ఒకనాడు లేతవి ఏరి కోసి తెచ్చి, కొత్తగా కాపురానికొచ్చిన మా పిన్ని ముందు పడేసి, "ఉడకెట్టి కూర సెయ్యి" అని అరుగు మీదికి పోయింది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నేర్పకుండా పరీక్ష పెట్టే పెద్దవాళ్ళంటే నాకు నేటికీ ఒళ్ళుమంట. మా అమ్మ మొదటిసారి వండిన పప్పులో ఉప్పెక్కువైందని ఏళ్ళ తరబడి చుట్టాల ముందు దెప్పిన మనిషి ఆవిడ.

పిన్ని పట్నంలో పెరిగింది, కొమ్ములు ఎరగదు. ఉలవలు ఉడికించిన నీళ్ళు పారబోయకుండా చారు కాయడం వాళ్ళ పుట్టింటి అలవాటు. ఇక్కడా అదే చేసింది. కొమ్ములు తీసి పక్కన పెట్టి, ఆ నీళ్ళలో చింతపండు పిసికి తాలింపు వేసింది. ఆ వాసనకు నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే పక్కింటి పెద్దమ్మ వచ్చి కుండలోకి తొంగి చూసింది. అరుగు మీంచి నానమ్మ లేచి వస్తున్న అలికిడి. పెద్దమ్మ మోచేత్తో కుండను ఒక్క తోపు తోసింది. చారంతా నేలపాలైంది.

"కళ్ళు నెత్తికెక్కినాయేటే నీకు? కొత్త కోడలు కాసిన చారు, లా!" అని అక్కడి మలాయివాళ్ళ ఊతపదం కలిపి నానమ్మ విరుచుకుపడింది.

"మసకలేసినాయి వదినా, ఏటి సేస్తాను" అంది పెద్దమ్మ.

నానమ్మ వెళ్ళాక పెద్దమ్మ పిన్ని చెవిలో చెప్పింది. "ఇవి ఉలవలు కావమ్మా. ఈ నీళ్ళలో ఇసం ఉంటాది. పారబోసి కొత్త నీళ్ళలో మల్లీ ఉడకెట్టాల."

ఆ పూట కూర బాగా కుదిరింది. పిన్నికి మంచి చెయ్యని పేరొచ్చింది. పెద్దమ్మను మాత్రం నానమ్మ తాను పోయేదాకా కుండలు తన్నే మనిషని వెక్కిరించింది. పెద్దమ్మ నవ్వి ఊరుకునేది.

మొన్న మా మనవడి పెళ్ళాం ఫోనులో చూసి కొరియావాళ్ళ ఫెర్న్ చిగుళ్ళ కూర మొదలుపెట్టింది. చిగుళ్ళను వేడినీళ్ళలో ముంచి తీసి, పచ్చిపచ్చిగానే కలపబోయింది. అవీ ఉడికించి నీళ్ళు పారబోయవలసినవే. సగం నేర్పి వదిలేసిన ఆ ఫోనువాడి మీద నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. కానీ పక్కనే ఆ పిల్ల అత్త నిలబడి చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "దవడ పళ్ళు కదుల్తున్నాయమ్మా. మెత్తగా ఉడకెట్టి, నీళ్ళు పారబోసి పెడతావా" అన్నాను.

నా పళ్ళు ఇప్పటికీ చెరుకు చీలుస్తాయి. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పను. పెద్దమ్మ దగ్గర నేను నేర్చుకున్నది అదే.