ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా

ఆఫీసులో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె పని ఫోన్లు చేయడం. మూడో అంతస్తులో, అట్టల గోడల మధ్య కూర్చుని, డిగ్రీ పూర్తిచేసినవాళ్లను పలకరించేది. ఏ చదువు చదివినవాళ్లలో ఎంతమంది నిరుద్యోగులో తేల్చే సర్వే అది.

ఆ మధ్యాహ్నం సివిల్ ఇంజనీరింగ్ చదివిన ఒకతను ఫోన్ ఎత్తాడు.

"పోయిన వారం ఏమైనా పనిచేశారా అండీ?"

"మా మామయ్య కొట్లో పెట్టెలు దించాను. ఒక పూట."

"ఏమైనా ఇచ్చారా?"

"ఏదో చేతిలో పెట్టాడు."

"అయితే ఉద్యోగంలో ఉన్నట్టు రాసుకుంటాను."

అతను ఇంట్లోకి తిరిగి, "అమ్మా, ఇలా రా. నాకు ఉద్యోగం ఉందంట" అన్నాడు.

"నిజమా నాయనా?" అంది తల్లి. ఆ గొంతులో ఆశ వినగానే పెద్దక్క తొందరగా సర్దిచెప్పింది.

"కొత్తగా ఏం రాలేదమ్మా. వారంలో గంటసేపు పనిచేసినా నిరుద్యోగి కాదని మా లెక్క."

"మరి వాడి చదువు?"

ఆ పనికి మీ డిగ్రీ అవసరమా అన్న ప్రశ్న ఇదివరకు సర్వేలో ఉండేది. జనం విసుక్కుని ఫోన్ పెట్టేస్తున్నారని సూపర్‌వైజర్ తీసేయించాడు. ఇప్పుడాయన అద్దాల గదిలో ఈ సంభాషణే వింటున్నాడు. పక్క సీటు అమ్మాయి పెద్దక్క చేయి పట్టుకుని, "కొరివితో తల గోక్కోకక్కా" అని గొణిగింది.

అయినా పెద్దక్క ఆ ప్రశ్న అడిగేసింది.

"డిగ్రీయా? చేతుల్లో సత్తువుంటే చాలు. అది కూడా రాయండి" అన్నాడతను.

సూపర్‌వైజర్ పిలిచాడు. కూర్చోమనలేదు.

"సగంమంది మధ్యలో పెట్టేస్తే నీ లెక్క దేనికి పనికొస్తుంది?"

ఆ మాటా అబద్ధం కాదు. అయినా ఆమె తగ్గలేదు. "నిరుద్యోగం తక్కువని చూసి పిల్లల్ని ఆ కోర్సులో చేర్పిస్తారు సార్. పని దొరికిందంటున్నాం, ఏ పనో చెప్పట్లేదు."

"ఊళ్లోవాళ్ల గొడవ నీకెందుకమ్మా?"

"నాదీ అదే గొడవ సార్. నేను వృక్షశాస్త్రం చదివాను."

ఆయన సర్వే ప్రశ్నల కాగితం దగ్గరకు లాక్కున్నాడు. పనిలోంచి తీసేస్తాడనుకుంది ఆమె.

"సివిల్‌వాళ్లను మాత్రమే అడుగు. ఒక్కరు పెట్టేసినా నీదే బాధ్యత" అన్నాడు చివరికి.

కొందరు పెట్టేశారు, ఆమె చీవాట్లూ తింది. నివేదిక వచ్చాక చూస్తే నిరుద్యోగం బాగా తక్కువున్న కోర్సుల్లో సివిల్ ఒకటి. దాని పక్కనే కొత్త అంకె ఉంది: పనిలో ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి ఆ పనికి డిగ్రీయే అక్కర్లేదు. మిగతా చదువుల పక్కన ఆ గడి ఖాళీగానే ఉంది. పెద్దక్క వాటి కోసం మళ్లీ సూపర్‌వైజర్ గది తలుపు తట్టింది.