వెదురు గేటు దగ్గర బీన్సూ బేకనూ

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా చేతిలో పడితే చారెడు పిండి గంపెడవుతుంది, నోట్లో పడిన మాటకూ అదే గతి. కాబట్టి ఇందులో మనుషుల సంఖ్య, కత్తుల పొడుగు, నా ధైర్యం, ఈ మూడింటినీ చదివేవాళ్లు ఎవరికి వారు కాస్త తగ్గించుకోవాలి. వంట పద్ధతి మాత్రం తగ్గించవద్దు. అందులో అబద్ధమాడితే కూర అడుగంటుంది.

ఎనభై ఎనిమిదో సంవత్సరం వానలు మొదలయ్యే వేళకు రంగూన్‌లో ఒక విదేశీ ఇంజనీరు బంగళాలో రెండో కుక్కుగా చేరాను. బంగళా కొలువులో హోదాలు పటాలంలో కంటే గట్టివి. అందరికీ పైన బట్లరు. ఆయన వండడు, వండినదాన్ని చూసి పెదవి విరుస్తాడు. ఆయన కింద పెద్ద కుక్కు, మాంసమంతా ఆయన సొత్తు. సూపులూ పక్క వంటకాలూ రెండో కుక్కువి. ఆ కింద మసాల్చీ, అంటే గిన్నెలు తోమి ఉల్లిపాయలు కోసేవాడు. దొరల బల్ల మీదా ఇదే వరస: మాంసం ముక్క ఆఫీసరు, దాని పక్కన ఒదిగి కూర్చునే కూర గుమాస్తా. ఆ గుమాస్తాలందరికీ నేను అధిపతిని. వాళ్లలో మా దొరసానికి బాగా ఇష్టమైనవాడు బీన్సూ బేకనూ.

బేకన్ అంటే పంది డొక్క మాంసం. దానికి ఉప్పూ, కాస్త బెల్లమూ, చిటికెడు పెట్లుప్పూ పట్టించి, బరువు పెట్టి, రోజూ తిరగేస్తూ ఊరనివ్వాలి. పెట్లుప్పు మాంసానికి ఎరుపు తెస్తుంది, పాడవకుండా కాస్తుంది. ఆ పొడి తెల్లగా, మెత్తగా ఉంటుంది. బాణాసంచాలో కూరేదీ అదే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

దేశం తలుపులు బిగించుకుని కూర్చున్న కాలం కనుక పైదేశపు డబ్బా బేకన్ కలలోకి కూడా వచ్చేది కాదు. మేమే తయారుచేసుకోవాలి. మా బట్లరు ముస్లిం. పచ్చి పందిమాంసం తన వంటింటి గడప దాటకూడదన్నది ఆయన పెట్టిన షరతు, అది న్యాయమే. అందుకని ఆ పని లమ్మడా పేటలో మా శామ్యూలు మావ ఇంట్లో జరిగేది. మావ మా అమ్మకు తమ్ముడు. మోకాళ్లు మొరాయించేదాకా దొరల ఇళ్లలో పెద్ద కుక్కుగా చేసినవాడు. నాకు గరిటె పట్టడం నేర్పింది ఆయనే.

వానలు ముదిరేసరికి ఊరు సర్కారు మీద తిరగబడింది. బస్సులు లేవు, రైళ్లు లేవు, ఆఫీసులు లేవు. ఇన్సేన్ జైల్లోంచి ఖైదీలు బయటికొచ్చారని ఒకరంటారు, మంచినీళ్ల కుండల్లో విషం కలిపేవాళ్లు తిరుగుతున్నారని ఇంకొకరంటారు. ప్రతి పేటా వీధి మొగలో వెదురు గేటు కట్టుకుని, కత్తులూ ఈటెలూ పట్టుకుని కాపలా కాసింది. దొర అప్పటికే బాంకాక్ వెళ్లిపోయాడు. నేను చెప్పే రోజుకు మర్నాడు పొద్దున దొరసాని ప్రయాణం. భయంతో ఆవిడ కొన్నాళ్లుగా టీ తప్ప ఏదీ ముట్టలేదు. ఆ పూట బట్లరు ద్వారా కబురు పంపింది: జ్వరమొస్తే వాళ్లమ్మ బీన్సూ బేకనూ చేసి పెట్టేదట, అదైతే తింటానంది. హుకుం గుమాస్తాల శాఖది. నడుచుకుంటూ లమ్మడా బయల్దేరాను.

కొండల మీది బీన్సు రైళ్లతోపాటే ఆగిపోయాయి. రేవులో, ఏటి అవతలి ట్వంటే ఊరి పడవ ఒకటి ఎలాగో వచ్చి బొబ్బర కాయలు దించింది. అవే కొని సరిపెట్టాలనుకున్నాను. ఒక్కో కాయ ట్వంటేలో మొదలై లమ్మడాలో ముగిసేంత పొడుగు.

మావ డొక్క ముక్కను బొటనవేలితో నొక్కి చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇంకా పట్టనేదురా. వారమైనా అవనేదు. నడిమిన మెత్తగుంది సూడు. ఈ వానల్లో తొందరపడితే లోన సెడిపోద్ది."

ఉప్పు పట్టేదాకా విమానం ఆగదన్నాను. ఆయన ముక్కను గుడ్డలో చుట్టాడు. మిగిలిన పెట్లుప్పును, తన మోకాళ్లతో ఇక ఆ పని సాగదని, పొట్లం కట్టి నా జేబులో పెట్టాడు. మెట్ల దగ్గర మళ్లీ పిలిచాడు.

"దొరసానికి ఎట్టే ముందు నువ్వు తిని సూడు. మరిసిపోకు."

విషం గురించి ఊరంతా వణుకుతున్నప్పుడు తెల్లపొడి పొట్లం జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లడం ఎంత తెలివితక్కువ పనో మా ఇద్దరికీ తట్టలేదు. వంటవాడికి పొడి అంటే పొడే.

పొద్దున నేను దాటివచ్చిన గేటు దగ్గర ఇప్పుడు కాపలా మారింది. లక్షమంది ఉన్నారు. తగ్గించుకున్నా ముప్పై మందికి లోటుండదు. నాయకుడు ఊ తిన్ అనే దర్జీ. నెమ్మదిగా మాట్లాడే మనిషి, అందుకే ఎక్కువ భయమేసింది. సంచీ తీయమన్నాడు, తీశాను. జేబులు తిప్పమన్నాడు, తిప్పాను. పొట్లం విప్పేసరికి ఈటెలన్నీ నావైపు తిరిగాయి. పక్కనే రోడ్డు మీద ఒకచోట ఇసక చల్లి ఉంది. దేన్ని కప్పడానికి చల్లారో నేను అడగలేదు.

మాంసంలో వేసే ఉప్పని బర్మా భాషలో చెప్పాను. అయితే తినమన్నాడు ఊ తిన్.

చిక్కల్లా అక్కడే ఉంది. పెట్లుప్పు చిటికెడైతే మందు, గుప్పెడైతే కడుపు తిప్పి వాంతి తెప్పిస్తుంది. తింటే వాంతి, వాంతి అయితే అది విషమే. తినకపోయినా విషమే. తాటిచెట్టంత కత్తి ఒకటి నా మెడ వెనక గాలిని గీరుతోంది. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది: ఈ పొడి ఈ మాంసంలో ఉంది, దీన్ని మీ ఎదటే వండి మీ ఎదటే తింటాను.

గేటు పక్కనే డా మ్యా అనే మొహింగా అమ్మే ఆవిడ బొగ్గుల పొయ్యి ఉంది. మొహింగా అంటే చేప పులుసులో సేమ్యాలు, అక్కడివాళ్ల పొద్దుటి తిండి. కాపలా వాళ్లందరికీ ఆవిడే పెడుతోంది. ఊ తిన్ తలూపితే ఆవిడ తన మూకుడు ఇచ్చింది, అయిష్టంగానే.

బేకన్‌ను చల్లటి మూకుడులో వేసి సన్న సెగ మీద పెట్టాలి. వేడి మూకుడులో వేస్తే పైన మాడుతుంది, కొవ్వు లోపలే ఉండిపోతుంది. మెడ మీద కత్తి ఉన్నా సరే, కొవ్వు తన తీరిక చూసుకునే కరుగుతుంది. వేలెడు ముక్కలు కోసి పరిచాను. బొగ్గులు వెనక్కి లాగాను. డా మ్యా నన్నూ మూకుడునూ మార్చి మార్చి చూసి, చంపడానికొచ్చావా పెళ్లికొచ్చావా, ఇంత నిదానమేమిటి అంది. ఎవరూ నవ్వలేదు. ముక్కలు కరకరలాడాక పైకి తీసి, ఆ కొవ్వులో ఉల్లిపాయ వేసి, వేళ్లంత తుంచిన బొబ్బర కాయలు వేసి, చారెడు నీళ్లు చల్లి మూత పెట్టాను. ఆ నీళ్లను ముందు నన్ను తాగమన్నారు, తాగాను. కాయ మెత్తబడినా పచ్చదనం పోకూడదు. ఆఖర్న మిరియాలు, నిమ్మరసం, తీసి పెట్టిన ముక్కలు. వాసనకు నాలుగు ఈటెలు కాస్త కిందికి వంగాయి.

పళ్లెంలో పెట్టుకున్నాను. మా బాప్టిస్టుల ఇళ్లలో ముద్ద ఎత్తేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం పుట్టినప్పటి అలవాటు. చేతులు వాటంతటవే కలిశాయి. తల వంచి, కళ్లు మూసి, పెదవులు కదిలించాను.

గుంపులో గుసగుస లేచింది. చస్తానని తెలుసు కాబట్టే దేవుణ్ణి తలుచుకుంటున్నాడన్నారు. మెడ మీద ఇనుము చల్లగా తగిలింది.

అప్పుడు వెనకనుంచి తెలుగు వినిపించింది.

"ఒరే యోహానూ, ఇప్పుడేటి సేత్తన్నావురా? కల్లు తెరు."

పైడయ్య. రేవులో మూటలు మోసే మనిషి. వాళ్ల తాతది శ్రీకాకుళం వైపు. మా చర్చికి ఎదుటి గదిలో కాపురం. ఆ పేట గేటుకు ఆయనా కాపలాదారే. ఆయన ముందుకొచ్చి ఊ తిన్‌తో బర్మా భాషలో చెప్పాడు: ఈ చర్చి వాళ్లింతే, టీ తాగినా కళ్లు మూసుకుంటారు, వీణ్ణి చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, అరటిపండుకు కూడా ఆమెన్ చెప్పేరకం. అయితే హామీ పడతావా అని ఊ తిన్ అడిగాడు. ఆ రోజుల్లో గేటు దగ్గర ఒకడికి హామీ పడితే వాడికేమైతే నీకూ అదే.

 పైడయ్య నా పక్కన గొంతుక్కూర్చుని పళ్లెం తనవైపు లాక్కున్నాడు.

"ఆమేను సెప్పీసి తిను. నానూ తింతన్నాను."

ఇద్దరం తిన్నాం. తరవాత కూర్చున్నాం. మనిషి అన్నం అరిగించుకోవడాన్ని అంతమంది అంత శ్రద్ధగా చూడటం నా సర్వీసులో అదొక్కసారే. పైడయ్య నావైపు చూడలేదు, నేనూ ఆయనవైపు చూడలేదు. వాన ఒక జల్లు కురిసి ఆగింది. చివరికి డా మ్యా మూకుడులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, ఉప్పెక్కువైందని తీర్పు చెప్పింది. ఊ తిన్ పొట్లాన్ని కాలవలో పారబోయించి దారి వదిలాడు.

మిగిలిన డొక్క ముక్కతో, మిగిలిన కాయలతో బంగళా చేరి మళ్లీ వండాను. దొరసాని పళ్లెం ఖాళీ చేసింది. బట్లరు పెదవి విరవలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆనాటి పాఠం రెండు నియమాలుగా పాటించాను. పెట్లుప్పు వంటింటి బయటికి తీసుకుపోకూడదు. ఊరాల్సిన మాంసాన్ని, ఎవరి విమానం ఎప్పుడు బయల్దేరినా, గడువుకు ముందు తీయకూడదు.

ఇక నేను కల్పించిన ముక్క. లక్షమంది, తాటిచెట్టంత కత్తి అనుకుంటున్నారేమో. అవి కల్పన కాదు, కొలతలో కాస్త దొర్లాయంతే. కల్పించింది ప్రార్థన అలవాటు. ముద్ద ముందు ప్రార్థన మా మావతోనే ఆగిపోయింది, నాకు ఎప్పుడూ లేదు. మాంసం లోపల చెడిపోయి ఉంటే అక్కడే వాంతి చేసుకుంటానని, ఆ ఇసక మీద ఇంకాస్త ఇసక పడుతుందని భయపడి, జీవితంలో మొదటిసారి నిజంగా దేవుణ్ణి పిలిచాను. గుంపు నన్ను సరిగ్గానే పోల్చుకుంది.

నాకు ఆ అలవాటు లేదని పైడయ్యకు అప్పుడే తెలుసు. ఆదివారం పూట చర్చిలో పాటలు మొదలయ్యే వేళకు నేను ఎదురుగా టీ కొట్లో ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. టీ ముందు నేను కళ్లు మూసుకోవడం ఆయన ఒక్కనాడూ చూడలేదు.