బొమ్మల మేడమ్ బీరువా

ఆ రోజుతో కాలేజీలో తెలుగు చెప్పే బొమ్మల మేడమ్ నోరు మూతపడుతుందనే అనుకుంది బైండింగు పిన్ని. లైబ్రరీ పెద్దసారు మెట్లకింది ఆవిడ బీరువా బార్లా తెరిపించి, పాత బొమ్మల కథల వారపత్రికలు రెండొందల పైచిలుకు నేలమీద కుప్ప పోయించాడు.

"కావ్యాల మీద డాక్టరేటు చేశారు. ఈ కత్తియుద్ధాలు చదవడానికి సిగ్గుగా లేదూ? ఇవన్నీ చిత్తుకాగితాలకి వేసేసి, ఇక్కడ కావ్యాలు పెడతాను."

మేడమ్ గొంతు పెంచలేదు. రిజిస్టరు తెచ్చి ఆయన ముక్కుకింద పెట్టింది. "ఈ పెద్ద కావ్యం ఆఖరిసారి ఎవరు పట్టుకెళ్ళారో కాస్త చదవండి సార్."

ఆయన చదవలేదు. పిన్నే మెడ సాచి కూడబలుక్కుంది. పెద్దసారు పేరే! తారీఖు పదకొండేళ్ళ కిందటిది. తిరిగిచ్చినట్టు సంతకం లేదు.

"ఇంట్లో ఉంది, చదువుతూనే ఉన్నా," అని నసిగాడాయన.

"పదకొండేళ్ళా! అంత రుచిగా ఉందా బాబూ?" అంది పిన్ని.

హాలంతా గొల్లుమంది. పెద్దసారు దిగొచ్చాడు గానీ మెలిక పెట్టాడు. విడి పత్రికలు బీరువాలో ఉండకూడదు. నెలాఖరుకల్లా అన్నీ బైండయితే సరి, లేకపోతే చిత్తుకే. ఇక ఉన్నది ఇరవైరెండు రోజులు.

క్లాసులో ఆ మేడమ్ పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీ కూడా ఊపిరి బిగబట్టేది. శనివారం మధ్యాహ్నం మాత్రం ఆవిడ గదిలో సంత. ఒక్క బొమ్మ ముందేసుకుని, దొంగ మొహం తలుపు నీడలో ఎందుకుందని పిల్లలంతా గంటన్నర కొట్టుకునేవాళ్ళు. 'ఐదో తరగతితో ఆపేసిన నేనే ఇలాంటివి ముట్టను, ఈవిడకేం పిచ్చి!' అని మూతి విరుచుకునేది పిన్ని. అయినా పని పనే. దబ్బనం పట్టింది.

వారపత్రిక ఏదైనా సరే, కుట్టేముందు వెనక ప్రకటనల కాగితం లాగి పారేయడం ఆమె ముప్పై ఏళ్ళ అలవాటు. లేకపోతే సంపుటం ఉబ్బుతుంది. అలా నలభై సంచికలకి లాగేసింది. మొదటి రెండు సంపుటాలు చూడగానే మేడమ్ మొహం పాలిపోయింది.

"పిన్నీ! చివరి పేజీలేవి? పాఠకుల ఉత్తరాలుంటాయి వాటిలో!"

అంటూ ఇస్త్రీ బట్టలతోనే నేలమీద చతికిలబడి చెత్తబుట్ట బోర్లించింది.

"నా పనికి ఇన్నేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదమ్మాయ్."

"వంక కాదు పిన్నీ. విను." నలిగిన కాగితం సాపుచేసి చదివింది. "'అయ్యా, పోయిన వారం దొంగల నాయకుడికి ఎడమ చెంపమీదున్న గాటు ఈ వారం కుడి చెంపకి ఎలా దూకింది? నాకూ మా అన్నయ్యకీ పందెం. వెంటనే తెలపగలరు.'"

పిన్ని ఫక్కున నవ్వింది. "దూకడమేమిటి! బొమ్మలేసే చెయ్యి మారింది. అక్కణ్ణుంచి గీత లావుగా పడింది. కుట్టేదాన్ని, నాకు తెలీదూ?"

మేడమ్ రెండు సంచికలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇవన్నీ ఒక్కరే గీశారని ఇరవై పేజీల వ్యాసం రాశాను పిన్నీ."

"కొట్టేసుకో."

కుట్టినవి విప్పారు. చిరిగిన పేజీలకి సన్న కాగితప్పట్టీలు అంటించారు. రోజూ క్లాసులవగానే వచ్చి మేడమ్ పట్టీలు కత్తిరించేది, సగం జిగురు బల్లకి పూసి తిట్లు తినేది. పని నత్తనడక నడిచింది. తప్పు పిన్నిదే. ప్రతి సంచికా చదివిగాని సూది దించేది కాదు. అడిగితే, "చదవడం లేదు, పేజీల వరస చూస్తున్నా," అని బుకాయించేది.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి పదకొండో సంపుటం బీరువా ఎక్కింది. పెద్దసారు వచ్చి ఒకటి లాగి, కుట్టు గుంజి చూశాడు. తెరిచాడు. అలాగే నిలబడి పేజీలు తిప్పుకుంటూ పోయాడు. చివరికి గొంతు సవరించుకుని, "దీని తరవాతది ఏది?" అన్నాడు. అన్నిటిమీదా లైబ్రరీ ముద్ర పడింది.

ఆయన వెళ్ళాక మేడమ్ తెల్లకాగితాల దస్తా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఒక్కో సంపుటం చివర నాలుగేసి అంటించు పిన్నీ. ఇకమీద చదివేవాళ్ళూ ఉత్తరాలు రాస్తారు."

"లైబ్రరీ పుస్తకంలో రాతలా? పెద్దసారు నన్ను ఉరేస్తాడు!"

"ఆయన్నడిగాను. ఆయనకీ రెండు కాగితాలు కావాలట." మేడమ్ పెన్ను మూత తీసి అందించింది. "మొదటి ఉత్తరం మాత్రం నువ్వే రాయాలి. ఆ చెయ్యి ఎక్కడ మారిందో, నీకెలా తెలిసిందో."

"నా రాత కోడి గీకినట్టుంటుందే."

"ఉండనీ. చదివి నేను జవాబు రాయాలి. రాయి పిన్నీ."