ఎడమచేతి మడక్కత్తి

నాయన పోయిన రోజు నాకు ముందుగా ముంచుకొచ్చింది ఏడుపు కాదు, నిద్ర. మంచం పట్టిన మనిషిని ఏళ్ళ తరబడి చూసుకున్నవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చూసుకోనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. వచ్చినవాళ్ళందరూ నా భుజం పట్టుకుని "ఏడ్చెయ్యి కన్నూ, లోపల పెట్టుకోవద్దు" అన్నారు. నేను గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంటే దుఃఖమనుకుని జాలిపడ్డారు. నేను కునుకు తీస్తున్నాను.

మాది కోయంబత్తూరులో మిల్లు కార్మికుల కోసం ఒకప్పుడు కట్టిన లైన్ ఇళ్ళలో ఒకటి. మిల్లు మూతపడింది, ఇళ్ళు మిగిలాయి. నాయన ఆ మిల్లులో పనిచేసి, తర్వాత వాచ్‌మన్‌గా చేసి, చివరికి మంచానికి చేరాడు. అమ్మ అంతకు చాలా ముందే పోయింది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆర్.ఎస్. పురంలో ఒక చీరల కొట్టుకు ఇంట్లోనే మిషన్ మీద ఫాల్స్ కుట్టి ఇస్తాను. అందుకే నాయనను చూసుకోవడం కుదిరిందనీ, అందుకే పెళ్ళి కుదరలేదనీ మా మేనత్త అంటుంది. రెండోదానికి కారణాలు వేరే ఉన్నాయి గానీ ఆమెతో వాదించే ఓపిక నాకు లేదు.

అత్త నాయనకు చెల్లెలు. చావుకీ పెళ్ళికీ ఎవరు ఏం చేయాలో మావాళ్ళలో ఆమె చెప్పిందే చెల్లుతుంది. నాయన ఊపిరి ఆగిందని తెలియగానే మేలూరుకు ఫోన్ చేసింది. అక్కడ మా పెదనాన్న కొడుకు గ్రానైట్ క్వారీలో లారీ నడుపుతాడు. నాకు తమ్ముడు. కొడుకు లేని ఇంటికి వాడే కొడుకని, కొరివి వాడే పెట్టాలని ఆమె లెక్క.

"సీక్రం బయల్దేరు సామీ. మదురైలో బస్సు మారేటప్పుడు ఒక మడక్కత్తి కొనుక్కో. కొత్తదే కొను" అంది.

మడక్కత్తి అంటే జేబులో పెట్టుకునే మడత చాకు. మాలో కొరివి పెట్టిన మనిషి కరుమాది దాకా ఇనుమును వదలకూడదు. కరుమాది అంటే కర్మ చేసి మైల విడిచే రోజు. అప్పటిదాకా తింటున్నా పడుకున్నా గుమ్మం దాటినా ఆ కత్తి ఒంటి మీదే ఉండాలి. పోయినవాళ్ళు కొరివి పెట్టిన మనిషిని వెతుక్కుంటూ వస్తారట, ఇనుము చూసి ఆగిపోతారట. నాయన వస్తే ఎందుకు ఆపాలో నాకు అర్థం కాలేదు. నడిచి వచ్చేంత బలం ఉంటే అంతకంటే ఏం కావాలి?

దిండుక్కల్ దాటాక తమ్ముడి బస్సు చెడిపోయింది. మిన్‌మయానం వాళ్ళు మాకిచ్చిన టైము దాటితే ఇక మర్నాడేనన్నారు. కరెంటుతో కాల్చే ఆ చోట వంతు తప్పితే ఎవరూ ఆగరు. కొరివి పెట్టడమంటే అక్కడ కర్పూరం వెలిగించడమే. అత్త వచ్చిన మగవాళ్ళందరి మొహాలూ చూసింది. ఎవరి వరసా ఆమెకు కుదరలేదు. చివరికి నావైపు తిరిగింది.

"కర్పూరం నువ్వే పెట్టు పాపా. ఇప్పటికి నువ్వు. కరుమాదికి వాడు."

నేను ఎడమచేత్తో కర్పూరం అందుకున్నాను. నాది పుర్రచేతివాటం. అంత ఏడుపులోనూ అత్త నా ఎడమచేతిలోంచి దాన్ని తీసి కుడిచేతిలో పెట్టింది.

తమ్ముడు సాయంత్రానికి వచ్చాడు. నేను ఏడవలేనిది వాడే ఏడ్చాడు, గుమ్మంలో కూలబడి, పెద్దగా. తర్వాత స్నానం చేసి వచ్చి పేపర్లో చుట్టిన కత్తిని నా ఒళ్ళో పెట్టాడు.

"నా చేతికని చూసి కొన్నా అక్కా. ఇప్పుడు నీదైపోయింది."

"దానిది కాదురా" అంది అత్త. "కరుమాది దాకా దాని దగ్గర ఉంటాది. ఆ పొద్దు నువ్వు తీసుకో. కోసేది, పెట్టేది అంతా నువ్వే చెయ్యాల."

నేను సరే అన్నాను. ఆ పూట ఇల్లు ఖాళీ చేయమన్నా సరే అనేదాన్ని.

అందరూ వెళ్ళిపోయాక పేపర్ విప్పి చూశాను. కత్తి అనిపించుకోవడానికి దానికి రూపం తప్ప ఇంకేమీ లేదు. ఇనుప అలుగు, అంటే కోసే రేకు, దాని మీద జిడ్డు. వార్నిష్ పూసిన కర్ర పిడి, దానికి రెండు ఇత్తడి మేకులు. అలుగును లాగడానికి గోరు పెట్టే గాడి ఒక పక్కనే ఉంది, అది కుడిచేతివాళ్ళకు. స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉందంటే, ఏళ్ళ తరబడి బ్లీచింగ్ నీళ్ళలో నాని అరిగిన నా గోళ్ళకు అది లొంగలేదు. చివరికి పంటితో పట్టి తెరిచాను. వాదర మీద బొటనవేలు గట్టిగా అదిమినా గీత కూడా పడలేదు. లారీ టైరును తట్టి చూసి గాలి ఎంతుందో చెప్పేస్తాడు మా తమ్ముడు. కత్తిని మాత్రం మెరుపు చూసి కొన్నాడు.

వాడు క్వారీ పనికి తిరిగి మేలూరు వెళ్ళాడు, కరుమాదికి వస్తానని. మైల ఇంట్లో కుట్టిన ఫాల్ పెళ్ళిచీరకు పనికిరాదని కొట్టువాళ్ళు చీరలు పంపలేదు. నాయనను పక్కకు తిప్పే పని లేదు, తుడిచే పని లేదు, గంజి జావగా కాచే పని లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ చేతులు ఎవరివో అనిపించింది. అలసట పని ఉన్నప్పుడు కంటే లేనప్పుడు ఎక్కువైంది. పడుకుంటే నిద్ర రాదు, కూర్చుంటే తూగు వస్తుంది. నడుములో దోపుకున్న ఆ మొద్దు కత్తి కదిలినప్పుడల్లా గుచ్చుకునేది.

విసుగొచ్చి దాన్ని తీసుకుని పెరట్లో బట్టల బండ దగ్గరికి వెళ్ళాను. బండ వెనక నాయన సానరాయి ఉంది. మిల్లు రోజుల నుంచీ ఆయన మొలలో ఒక మడక్కత్తి ఉండేది. దారం ముడి కోయాలన్నా, మామిడికాయ చీరాలన్నా, నా పెన్సిల్ చెక్కాలన్నా అదే. సానపట్టీ పట్టీ అలుగు సన్నబడిపోయి, ఒకరోజు కొబ్బరి పీచు తీస్తుంటే విరిగింది. మళ్ళీ కొనుక్కోలేదు. "ఇంకేం కోయాల నేను?" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మంచం పట్టాడు.

సానపట్టడం నాకు చిన్నప్పుడు ఆయనే నేర్పాడు. అత్త, అమ్మ, బళ్ళో టీచరు అందరూ నా ఎడమచేతిని కొడుతున్న రోజుల్లో "నీకు ఏ చెయ్యి వస్తే ఆ చేత్తో పట్టుకో, వేళ్ళు మాత్రం తెంచుకోబాక" అన్నది ఆయన ఒక్కడే. రాయిని నీళ్ళతో తడపాలి. అలుగును ఎంత వాల్చి మొదలుపెడితే చివరి దాకా అంతే వాల్చి ఉంచాలి. అదమకూడదు. ఒక పక్క రుద్దాక రెండో పక్క వేలితో తడిమితే వెంట్రుకంత గరుకు తగలాలి, అప్పుడు తిప్పాలి.

రాయి ఆయన కుడిచేతికి ఒక పక్కకే అరిగి ఉంది. నా చేతికి అది ఎదురు తిరిగింది. దాన్ని ఇటుది అటు తిప్పి పెట్టుకుని, అరగని పక్క మొదలుపెట్టాను. కొత్త అలుగు కావడంతో వాదర మందంగా ఉంది. ఎంత రుద్దినా బురద నీళ్ళే తప్ప పదును రాలేదు. మధ్యలో రెండుసార్లు బండకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. అప్పుడూ పక్కింటివాళ్ళు పాపం ఏడుస్తోందనుకునే ఉంటారు.

అలా రోజూ కొంచెం కొంచెం చేశాను. రాయి అయ్యాక ఊరగాయ జాడీ బోర్లించి, అడుగున మెరుపు లేని అంచు మీద రుద్దాను. ఆ తర్వాత నాయన పాత బెల్టు మీద. గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకున్న రోజు, పేపర్ ముక్క చప్పుడు లేకుండా తెగిన రోజు, నాకు ఆకలి వేసింది. వండుకుని తిన్నాను.

ఇంకా స్ప్రింగ్ ఉంది. మిషన్ నూనె రెండు చుక్కలు వేసి, తెరిచి మూసి, తెరిచి మూసి దాని బిగువు తగ్గించాను. నాయన పనిముట్ల డబ్బాలోని మూడంచుల ఆకురాయితో, అలుగుకు అవతలి పక్క, నా ఎడమ బొటనవేలు పడేచోట కొత్త గాడి తీశాను. మంచి గట్టి ఇనుమైతే ఆకురాయికి లొంగేది కాదు. తమ్ముడు మోసపోవడం అక్కడ కలిసొచ్చింది.

పిడి పని మొదలుపెట్టిన రోజే అత్త వచ్చింది. నేను పగిలిన గాజు పెంకుతో కర్రను గీకుతున్నాను. వార్నిష్ మెరుపంతా పోయి, ఒళ్ళో పొట్టు.

"ఏమిటికి దాన్ని అట్లా గీకతా ఉండావు?" అంది. "దగ్గర పెట్టుకోనుంటే చాలు గదా."

"మొద్దుగా ఉండింది అత్తా. పట్టుకోను కూడా రాలేదు."

"మొద్దుగా ఉంటే ఏమి? దాంతో నువ్వేమన్నా కోయబోతావా? కోసేది వాడు గదా."

నాకు కోపం వచ్చింది. కోపం రావడానికి కూడా ఒంట్లో కాస్త శక్తి ఉండాలి. అది నాకు చాలా ఏళ్ళుగా లేదు. ఆ క్షణం దాకా నాకే తెలియలేదు, నాయన కరుమాది నేనే చేయాలనుకుంటున్నానని. చివరి పని ఇంకొకరికి అప్పగించి పక్కన నిలబడడం నావల్ల కాదు.

"నేనే చేస్తా అత్తా. మొదలుపెట్టింది నేను. నేనే ముగిస్తా."

"బస్సు రాలేదని గదా నువ్వు పెట్టినావు? ఆడబిడ్డవి. పైగా పుర్రచెయ్యి. ఆ చేత్తో పెడితే మీ నాయనకు చేరతాదా?"

"ఇన్నేళ్ళూ గంజి ఏ చేత్తో పోసినాననుకున్నావు?"

అత్త చెంగుతో మొహం తుడుచుకుని "నేను ఒక్కదాన్నే అనుకుంటే అయిపోతాదా? ఊరు ఒప్పుకోవాల గదా" అని లేచి వెళ్ళిపోయింది. కాఫీ కూడా తాగలేదు.

పిడి పని మాత్రం నేను ఆపలేదు. బొటనవేలికి ఒక పక్క పల్లం, మిగతా వేళ్ళకు రెండో పక్క వంపు, అన్నీ నా ఎడమచేతికి. గరుకు కాగితం పెట్టి నున్నగా రుద్దాను. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఒదిగిపోయేలా చేశాను.

కరుమాదికి పేరూరు ఏటిగట్టుకు వెళ్ళాం. ఏట్లో స్నానానికి పనికొచ్చే నీళ్ళు లేవు, కుళాయి కింద తలలు తడుపుకున్నాం. క్రియలు చేయించే పెద్దాయన అరిటాకు పరిచి, పిండం ముద్దలు, పళ్ళు, గుమ్మడికాయ ముక్క సర్దాడు. తమ్ముడు కొత్త వేష్టి కట్టుకుని ఆకు ముందు కూర్చున్నాడు. మావెనక ఇంకో ఇంటివాళ్ళు తమ వరస కోసం నిలబడి ఉన్నారు.

"కత్తి ఇచ్చెయ్యి పాపా" అంది అత్త.

ఇవ్వనని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అందరూ నన్నే చూశారు. నడుములోంచి కత్తి తీసి వాడి చేతిలో పెట్టాను. అంత నీరసంగా నేను ఎప్పుడూ ఏ పనీ చేయలేదు.

తమ్ముడు పండు మీద కత్తి ఆనించబోయి ఆగాడు. పిడిని వేళ్ళతో సర్దుకున్నాడు. కుదరలేదు. తిప్పి పట్టుకున్నాడు. అప్పుడూ బొటనవేలు పల్లంలో పడలేదు. కత్తిని దగ్గరగా పెట్టుకుని ఆ వంపులు చూశాడు, రెండో పక్క తీసిన గాడి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏమప్పా, వేళైపోతా ఉంది. నా కత్తి ఇయ్యనా?" అన్నాడు పెద్దాయన.

"వేరే కత్తి ఎట్లా అయ్యా? ఇన్ని దినాలూ ఒంటి మీద ఉండింది ఇదే గదా" అన్నాడు తమ్ముడు. ఆకు ముందు నుంచి లేచాడు. "నా చేతికని కొన్నా. ఇప్పుడిది నా చేతిది కాదు. రా అక్కా, నువ్వు కూర్చో."

నేను కూర్చున్నాను. పెద్దాయన ఇబ్బందిగా మావాళ్ళందరినీ చూశాడు.

"చేసేది కొడుకని చెప్పి మొదలుపెట్టాల. ఇప్పుడేమని చెప్పేది?"

నా వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

"కూతురని చెప్పు సామీ. ఆ పుర్రచేతి గంజి తాగే మా అన్న ఇన్నేళ్ళు ఉన్నాడు. అది పెడితే చేరతాది."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆకు, పళ్ళు, పిండాలు ఏవీ కనబడలేదు. కళ్ళు కనబడనప్పుడు పదును కత్తి కదిలించకూడదని నాయన చెప్పేవాడు. తమ్ముడు నా పక్కన గొంతుకూర్చుని, ఆకు ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ఆగాడు. నేను కళ్ళు తుడుచుకుని, ఎడమచేత్తో పండు కోశాను.