మల్లికి పాయసం బంద్

మా పిల్లి మల్లికి షుగర్. పైగా కోడిమాంసం పడదు, తింటే ఒళ్ళంతా గోక్కుంటుంది. అందుకే డాక్టరు చెప్పినట్టు ఉడికించిన చేప తప్ప ఏమీ పెట్టను. అయినా కొన్నాళ్ళుగా షుగర్ దిగడం లేదు.

కారణం ఈ రోజు దొరికింది. మా కింది వాటాలో ఉండే రత్నమ్మగారు నైవేద్యం పెట్టిన పాయసం దానికి పెడుతున్నారు!

"ప్రసాదం కదప్పా, ఏమీ కాదు."

"మరి మీరెందుకు తినరు?"

"నాకు షుగర్ ఉండాది కదప్పా!"

"దానికీ ఉండాది," అన్నాను.

ఆమె గిన్నె లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం మల్లికి ఇన్సులిన్ వేసే వేళకు తన ఇన్సులిన్ పట్టుకుని, తనకూ వేయమంటూ పైకొచ్చారు. సూదికి మల్లి కదల్లేదు. ఆమే కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

ఇక ఇద్దరి పథ్యానికీ నేనే కాపలా. పాయసం తినడానికి నాకు తోడుగా షుగర్ లేనివాళ్ళు కావాలి, ఎవరొస్తారు?